ఏడు మూరల బాట

యాసంగి వరి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఎల్లారెడ్డి సమీపంలోని ఒక గ్రామం నుండి మాకు కబురు వచ్చింది. అసర్ నమాజు ముగించుకొని వెళ్లేసరికి తారురోడ్డు అంచున ఒక హార్వెస్టరు నిలబడి ఉంది. ముందురోజు ఉదయం నుండి అది అక్కడే ఉన్నదట. దాని ఎదుట ఇనుపతీగల కంచె, కంచెకు గేటు, గేటుకు తాళం. కంచె లోపల రెండెకరాలు, దాని వెనుక మరో రెండెకరాలు, ఆ వెనుక వాగు ఒడ్డున ఒకే ఒక్క ఎకరం. ఆ ఎకరంలోని వరి పండి, బరువెక్కిన కంకులు నేలకు వాలుతున్నాయి. పడమట మబ్బు పట్టింది. ఇంకొక గంట చూసి వేరే ఊరికి వెళ్లిపోతానని డ్రైవరు చెబుతున్నాడు.

ఆ ఎకరం ఒక వితంతువుది. ఐదెకరాలూ ఒకప్పుడు ఆమె తండ్రివే. ఆయన మరణానంతరం ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఆ భూమిని పంచుకున్నారు. షరీఅత్ ప్రకారం కుమారులకు రెండేసి ఎకరాలు, కుమార్తెకు ఒక ఎకరం. లెక్కలో లోపం లేదు. పెళ్లి ఖర్చుల పేరు చెప్పి ఆడబిడ్డకు గుంటెడు నేల కూడా ఇవ్వని కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆ విషయంలో ఈ సోదరులు మెచ్చుకోదగినవారే. రోడ్డు పక్క భాగం పెద్దవారికి, నడిమి భాగం చిన్నవారికి, వాగు ఒడ్డు భాగం చెల్లెలికి వచ్చాయి. అయితే చెల్లెలు తన భాగానికి ఏ దారిన వెళ్లాలన్న ప్రశ్న ఆనాడు ఎవరి నోటా రాలేదు. అన్నదమ్ముల పొలమే కదా అనుకున్నారు. ఆమె గట్ల వెంట నడిచి వెళ్లేది. పంట కోశాక ఎడ్లబండి మడుల మీదుగానే వచ్చేది.

కొన్ని సంవత్సరాల తరువాత పెద్ద సోదరుడు తన కుమార్తె వివాహానికి రోడ్డు పక్కనున్న రెండెకరాలను అమ్మివేశారు. కొన్నవారు కామారెడ్డి పట్టణంలో వ్యాపారం చేసుకునే ఒక హైందవ సోదరుడు. నడిమి భాగం వారు పక్క రైతుతో మాట కలుపుకొని ఆ వైపు నుండి ట్రాక్టరు తెచ్చుకునేవారు. ఆ పక్క రైతు అనుమతించింది ఆయన ఒక్కరికే. మిగిలింది ఈమె. భర్త ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చారు. భర్త గతించిన తరువాత వచ్చిన మొదటి పంటకే కంచె లేచింది.

భూమి కొన్న సోదరుడు మాతో మర్యాదగానే మాట్లాడారు. "మౌలానా సాబ్, ఆ తల్లి మీద నాకేం కోపం లేదు. రెండెకరాలకు పైసలు కట్టిన. కాగితంల బాట మాటే లేదు. ఇయ్యాల హార్వెస్టరంటరు, రేపు రోడ్డంటరు. ఇరవై ఏండ్లు నడిస్తే హక్కు వస్తదని వకీలు చెప్పిండు. నా భూమి నేను కాపాడుకోవద్దా?" అన్నారు. పెద్ద సోదరుడిని అడిగితే, "అమ్మేటప్పుడు బాట సంగతి ఎవరూ అడగలేదు హజ్రత్" అన్నారు. ఆ సోదరి మాత్రం ఎవరినీ నిందించలేదు. "భాయ్‌జాన్‌ను నేనేమీ అనను. వరి కోసుకోనిస్తే చాలు" అన్నది.

ముందు పంట, తరువాత పంచాయతీ అని మేము కోరగా కొన్న సోదరుడు ఆ ఒక్కసారికి తాళం తీశారు. కోత రాత్రి తొమ్మిదింటి వరకు సాగింది. ఆనాడు మగ్రిబ్ నమాజులో పెద్ద సోదరుడు మొదటి వరుసలోనే నిలబడ్డారు. సలామ్ చెప్పి కుడివైపు, ఎడమవైపు ముఖం తిప్పుతున్న ఆ పెద్దమనిషిని చూస్తూ, వెనుక పొలంలో ఉన్న తోబుట్టువు వైపు ఈయన ముఖం ఎప్పుడు తిరుగుతుందా అని మేము ఆలోచించాము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఇటువంటి తగాదాలు కొత్తవి కావు. కానీ ఇటీవల పెరిగాయి. ఎడ్లబండ్లు ఉన్నప్పుడు సన్నని బాట సరిపోయేది. పంట తీసిన తరువాత ఎవరి మడిలో నుండి బండి పోయినా ఎవరూ పట్టించుకునేవారు కారు. నేడు ట్రాక్టరు ట్రాలీ, దానిని మించిన వెడల్పుతో హార్వెస్టరు వచ్చాయి. బండి కదలిక ఆగిపోయేసరికి పాత బండ్లబాటలను ఇరువైపుల వారూ దున్ని కలుపుకున్నారు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా కేంద్రమైన తరువాత భూమి ధర పెరిగింది. జాతీయ రహదారికి దగ్గరలో ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. గజాల లెక్క వచ్చినచోట గట్టు మీద నడిచేవాడు కూడా దొంగలా కనిపిస్తాడు. ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాసుపుస్తకంలో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. మన తాతలు నోటిమాటగా వదిలిన పొలంబాట మాత్రం అందులో కనిపించదు. దీనికి తోడు 2025 ఆగస్టు చివరి వారంలో మన జిల్లాపై విరుచుకుపడిన వర్షాలు ఎన్నో పొలాల గట్లను కోసుకొనిపోయాయి. గట్టు పోయినచోట హద్దు తగాదా, హద్దు తగాదా ఉన్నచోట బాట తగాదా.

సహీహ్ బుఖారీలో 'మజాలిమ్' అనే ఒక ప్రకరణం ఉంది. దౌర్జన్యాలు, అన్యాయంగా కాజేసిన హక్కులు అని దాని అర్థం. ఇతరుల భూమిని జానెడు ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందన్న హెచ్చరిక ఆ ప్రకరణంలో ఉంది. పొరుగువాడు తన గోడలో దూలం అమర్చుకోవాలనుకుంటే అడ్డుచెప్పవద్దన్న ఆదేశమూ అందులోనే ఉంది. అదే ప్రకరణంలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరొక చిన్న హదీసు ఉంది. బాట విషయంలో జనం విభేదించుకున్నప్పుడు దానిని ఏడు మూరలుగా ఉంచవలెనని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తీర్పు చెప్పారన్నది దాని భావం. ఇమామ్ ముస్లిం (రహ్మలై) సంకలనంలో ఈ మూడు విషయాలూ ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తాయి. బాటను గురించిన మాట మర్యాదల ప్రకరణంలో కాక దౌర్జన్యాల ప్రకరణంలో ఎందుకున్నదో పాఠకులు ఒక క్షణం ఆలోచించాలి.

మేము ఈ హదీసును ఎన్నో సంవత్సరాలుగా మదరసాలో బోధిస్తున్నాము. దానిని పొలంలో నిలబడి, టేపు పట్టుకొని చదివింది మాత్రం ఆ ఊరిలోనే. మూర అంటే మోచేయి నుండి నడిమివేలి చివరి వరకు గల కొలత. మన ఊళ్లలో పూలదండ కొలిచేది కూడా దానితోనే. రమారమి అడుగున్నర. ఏడు మూరలంటే పదిన్నర అడుగులు. బరువులు మోసే ఒంటెలు ఎదురెదురుగా వచ్చినా ఒకదానినొకటి రాసుకోకుండా పోగలిగే వెడల్పు ఇదని వ్యాఖ్యాతలు రాశారు. మన ట్రాక్టరు ట్రాలీ కూడా ఈ వెడల్పులో సులువుగా పోతుంది. ఇక్కడొక మాట చెప్పాలి. ఇది అంగీకారం కుదరనప్పటి కొలత. యజమానులు తమలో తాము ఇంతకు ఎక్కువకో తక్కువకో ఒప్పుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుందని ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు. అంతకంటే వెడల్పుగా ఉన్న పాత బాటను ఏడు మూరలకు కుదించే హక్కు కూడా ఎవరికీ లేదు. హదీసును చేతపట్టుకొని ఇరవై అడుగుల ఊరబాటను సగానికి కోసేవారు మాకు తారసపడ్డారు గనుక ఈ వివరణ ఇస్తున్నాము.

ఇమామ్ మాలిక్ (రహ్మలై) మువత్తాలో ఒక సంఘటన నమోదై ఉంది. మదీనా సమీపంలోని ఉరైజ్ అనే చోట జహ్హాక్ బిన్ ఖలీఫా (రజి) ఒక నీటి కాలువ తవ్వుకోదలచారు. అది ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) భూమి గుండా పోవలసి ఉంది. ఆయన ఒప్పుకోలేదు. కాలువ వల్ల నీకూ లాభమే, మొదటా చివరా నీవే నీళ్లు పెట్టుకోవచ్చు, నష్టమేమీ లేదు కదా అని జహ్హాక్ నచ్చజెప్పినా వినలేదు. వ్యవహారం హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వచ్చింది. నీకు నష్టం లేనిదీ, నీ సోదరునికి మేలైనదీ ఎందుకు ఆపుతున్నావని ఉమర్ అడిగారు. ఆయన ఇంకా కాదనడంతో, నీ పొట్ట మీదుగానైనా సరే ఆ కాలువ పోయి తీరుతుందని ప్రమాణం చేసి చెప్పి, కాలువకు ఆజ్ఞ ఇచ్చారు.

ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) సామాన్యులు కారు. గొప్ప సహాబీ. భూమి దగ్గరకు వచ్చేసరికి అంతటి వారి మనసు కూడా బిగుసుకున్నదంటే మన మనసుల సంగతి వేరే చెప్పాలా? ఈ తీర్పును చూపి ఎవరి పొలం గుండానైనా బాట తీసుకోవచ్చని అనుకోరాదు. యజమాని అనుమతి లేకుండా అతని సొత్తుపై ఎవరికీ హక్కు లేదన్న మూలసూత్రాన్ని హనఫీ ధర్మవేత్తలు వదలలేదు. గోడలో దూలం విషయంలోనూ ఇమామ్ అహ్మద్ (రహ్మలై) దానిని విధిగా భావించగా, ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ప్రభృతులు మంచి నడవడిగా భావించారు. అయినా ఉమర్ (రజి) అడిగిన ప్రశ్న అక్కడే నిలిచి ఉంది. నీకు నష్టం లేనిదానిని ఎందుకు ఆపుతున్నావు? గేటుకు తాళం వేసే ప్రతివారూ ఆ ప్రశ్నకు తమకు తాము జవాబు చెప్పుకోవాలి.

బాట అడిగేవారి వైపు కూడా చూడాలి. పంచాయతీలకు వెళ్లినప్పుడు ఈ వైపు మాట చెబితే చాలామందికి రుచించదు. అబూ దావూద్ సంకలనంలో సముర బిన్ జున్దుబ్ (రజి) గురించిన ఉల్లేఖనం ఉంది. దాని పరంపర గురించి హదీసువేత్తలు చర్చించారు. అయినా ధర్మవేత్తలు దానిని విస్తృతంగా పేర్కొంటారు. ఆయన ఖర్జూరపు చెట్టు ఒక అన్సారీ సోదరుని తోటలో ఉండేది. ఆ అన్సారీ భార్యాబిడ్డలతో అక్కడే నివసించేవారు. సముర వేళాపాళా లేకుండా చెట్టు వద్దకు వచ్చిపోతుండటంతో ఆ కుటుంబం ఇబ్బంది పడింది. అమ్ముతావా అని అడిగారు, కాదన్నారు. మార్చుకుంటావా అంటే కాదన్నారు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా అడిగి, ఇచ్చివేస్తే ఇంత పుణ్యమని ఆశ చూపినా కాదన్నారు. అప్పుడు నీవు ఇతరులకు హాని చేసేవాడివి అని ఆయనతో పలికి, వెళ్లి ఆ చెట్టు పెకలించమని అన్సారీని ఆదేశించారు. చెట్టు సమురదే. దాని వద్దకు వెళ్లే దారీ ఆయనకు ఉంది. కానీ ఆ దారిని వాడుకున్న తీరు ఒక ఇంటివారికి బాధ అయింది.

బాట ఉన్నది కదా అని వరి మడిలో నుండి ట్రాక్టరు తిప్పేవారు, గేటు తీసి మూయకుండా వెళ్లి పశువులకు పంట అప్పగించేవారు, పొరుగువారి ఆడవారు పనిచేస్తున్న వేళ కేకలు వేసుకుంటూ పోయేవారు, కాలిబాట అడిగి సంవత్సరం తిరిగేసరికి మట్టి పోయించి రోడ్డు చేసేవారు మన మధ్య లేరా? కామారెడ్డి వ్యాపారి భయం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు.

ఆ భయంలో ఇంకొక అంశం ఉంది. ఇరవై సంవత్సరాల మాట. మన దేశ చట్టంలో దీనిని ఈజ్‌మెంట్ హక్కు అంటారు. 1882 నాటి చట్టం దీనికి ఆధారం. శాంతియుతంగా, బాహాటంగా, ఆటంకం లేకుండా, హక్కుగా 20 సంవత్సరాలు ఒక దారిని వాడుకుంటే ఆ దారిపై హక్కు ఏర్పడుతుంది. ప్రభుత్వ భూమి అయితే 30 సంవత్సరాలు. ఇందులో 'హక్కుగా' అన్న మాట కీలకం. అనుమతి తీసుకొని నడిచినవారికి ఎన్నేళ్లు గడిచినా ఈ హక్కు రాదు. కాబట్టి ఒక యజమాని కేవలం దయతో పొరుగువారిని నడవనిస్తున్నట్లయితే, ఇది అనుమతి మాత్రమేనని ఒక కాగితంపై ఇద్దరూ సంతకాలు చేసుకుంటే చాలు. భయమూ పోతుంది, గేటూ తెరుచుకుంటుంది. మన ఫిఖ్హ్ కూడా ఇదే చెబుతుంది. ఉస్మానీయ కాలంలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన మజల్లాలో, అనుమతి ఇచ్చినవారు దానిని వెనక్కు తీసుకోవచ్చునన్న సూత్రం ఉంది. అదే మజల్లా 6వ సూత్రం, పాతకాలం నుండి వస్తున్న హక్కును ఉన్నది ఉన్నట్లే ఉంచాలంటుంది. వెంటనే 7వ సూత్రం, హాని ఎంత పాతదైనా హక్కు కాజాలదంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన పెద్దలకు అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక.

ఊరి నక్షాలో గీసి ఉన్న బాట సంగతి వేరు. అది అందరి బాట. దానిని ఎవరు దున్నినా తహసీల్దారుకు అర్జీ పెట్టి సర్వే చేయించుకోవచ్చు. మన సోదరి బాట నక్షాలో లేదు. ఇరవై ఏళ్లుగా బండి వెళ్లినట్లు ఆమె వద్ద రుజువూ లేదు. అయినా ఆమెది దయాభిక్ష కాదని మేము ఆ సభలో చెప్పాము. ఎందుకో వివరిస్తాము.

ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) హిదాయాలో పంపకాల ప్రకరణం ఉంది. బోధించేటప్పుడు మా విద్యార్థులు ఈ ప్రకరణం వద్దకు వచ్చేసరికి ఆవులిస్తారు. తలాఖ్ మసాయెల్ మీద వంద ప్రశ్నలు వేసేవారు గట్లు, కాలువల దగ్గర నిద్రకు జోగుతారు. అక్కడ ఒక సమస్య ఇలా ఉంది. భాగస్వాములు ఆస్తి పంచుకున్నారు. ఒకరి భాగానికి పోయే దారి లేక నీటికాలువ మరొకరి భాగంలో పడింది. పంచుకునేటప్పుడు దాని గురించి షరతు ఏదీ పెట్టుకోలేదు. అప్పుడు ఆ దారిని వేరేవైపుకు మళ్లించగలిగితే మళ్లించాలి. మళ్లించడం సాధ్యం కాకపోతే ఆ పంపకమే రద్దవుతుంది. మళ్లీ పంచాలి. ఎందుకంటే ఒకరి భాగం మరొకరి భాగంతో ఇంకా చిక్కుకొనే ఉంది, వేరు చేయడం పూర్తి కాలేదు.

ఎనిమిది శతాబ్దాలకు మునుపటి ఈ గ్రంథం చెప్పిన మాటకు దగ్గరి మాటే 1882 చట్టం 13వ సెక్షన్‌లోనూ ఉంది. ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు, ఒకరి భాగాన్ని అనుభవించడానికి మరొకరి భాగం మీదుగా దారి తప్పనిసరి అయితే ఆ దారికి అతడు హక్కుదారుడు. కాగితంలో రాయకపోయినా సరే. అయితే ఆ దారి ఏ పక్క నుండి ఇవ్వాలో నిర్ణయించే హక్కు ముందు భూమి యజమానిదే, అది వెళ్లేవారికి సహేతుకంగా అనువుగా ఉండాలి. వేరే దారి ఏర్పడి అవసరం తీరిపోతే ఈ హక్కూ ముగుస్తుంది.

ఆ సోదరి ఎకరానికి ఒక పక్క వాగు, రెండు పక్కల ఇతరుల మడులు, నాలుగో పక్క అన్నల భూమి. మళ్లించడానికి దారి లేదు. అంటే ఆనాడు జరిగిన పంపకమే లోపభూయిష్టం. చెల్లెలికి ఎకరం ఇచ్చామన్నారు గానీ, వెళ్లలేని ఎకరం ఎవరికి ఇచ్చినట్లు? ఆడబిడ్డకు వెనుక భాగం, రాళ్ల భాగం, వాగు కోసే భాగం కేటాయించి 'షరీఅత్ హిస్సా ముట్టింది' అని కాగితంపై వేలిముద్ర వేయించుకునే ఇళ్లను మేము చూశాము. ఆమె నోరు తెరవదు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం ఆమెది. ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టవచ్చునా? దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా వారసత్వ వాటాలను నిర్ణయించిన తరువాత, వాటిని అల్లాహ్ విధించిన హద్దులుగా పేర్కొన్నది. హద్దురాయిని అంగుళం జరిపితే కర్రలు తీసేవారు ఈ హద్దుల దగ్గర ఎందుకంత ఉదారంగా ఉంటారో మాకు అర్థం కాదు.

ఇక పెద్ద సోదరుడు అమ్మిన విషయం. సరుకులో ఉన్న లోపం చెప్పకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. వెనుక చెల్లెలి భాగం ఉన్నదనీ, దానికి ఈ భూమి గుండా తప్ప దారి లేదనీ తెలిసి కూడా ఆయన కొనేవారికి చెప్పలేదు. ఎవరూ అడగలేదన్నది సమాధానం కాదు. ఈ వ్యవహారంలో నష్టపోయినవారు ఇద్దరు. దారి లేని చెల్లెలు, దాచిన బరువుతో భూమి కొన్న పొరుగువారు. ఆ రెండవవారు ముస్లిం కారు గనుక వారి హక్కు తేలికయ్యేది కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను జిబహ్ చేసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన ఇంటివారిని పదేపదే అడిగారు. పొరుగువారిని గురించి జిబ్రయీల్ (అలైహి) చేస్తూ వచ్చిన తాకీదు వింటుంటే వారసులను చేస్తారేమోననిపించిందని దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాటను ఆ సందర్భంలోనే వినిపించారు.

మేము మొదటి రోజు ఈ మాటలన్నీ చెప్పలేదు. హిదాయా మసలా చెప్పి ఊరుకున్నాము. పెద్ద సోదరుడు లేచి వెళ్లిపోయారు. రెండు జుమాలు మాకు కనిపించలేదు.

ఆ మధ్యలో టేపు పట్టి కొలిచాము. ముందున్న రెండెకరాల పొడవు సుమారు 300 అడుగులు. పదిన్నర అడుగుల వెడల్పుతో తూర్పు గట్టు వెంట బాట తీస్తే 3,150 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగుల చొప్పున మూడు గుంటల కంటే కాస్త తక్కువ. నడిమి భాగంలోనూ ఇంచుమించు అంతే. ఎనభై గుంటల్లో మూడు గుంటలు. ఇంతకాలం ఎవరూ కొలవకపోవడం వల్ల రెండెకరాలూ పోతాయన్నట్లు కొన్నవారు భయపడ్డారు, అసలు ఏమీ పోదన్నట్లు అమ్మినవారు మాట్లాడారు. తగాదాలో మొదట చేయవలసిన పని కొలవడం అని అప్పటి నుండి మేము ఎక్కడికి వెళ్లినా చెబుతున్నాము. వాదన తరువాత చేసుకోవచ్చు.

మూడవ జుమా నాడు పెద్ద సోదరుడు ఖుత్బాకు ముందే వచ్చారు. ఇంట్లో ఆయన భార్య అన్న మాట ఆయనే మాకు చెప్పారు. "మన బిడ్డ పెళ్లికి అమ్మింది మీ రెండెకరాలే అనుకున్నాం. అందులో ఫుప్పీ బాట కూడా అమ్మేశాం. పెళ్లి వలీమా ఆమె బాట మీద జరిగింది" అన్నదట. అబూ దహ్‌దాహ్ (రజి) సంఘటన ఆమె ఏనాడో విని ఉందో లేదో మాకు తెలియదు. ఒక వ్యక్తి తోట చుట్టూ గోడ కట్టుకోవడానికి మరొకరి ఖర్జూరపు చెట్టు అడ్డు వచ్చింది. స్వర్గంలోని చెట్టుకు బదులుగా ఇవ్వమని దైవప్రవక్త (సఅసం) కోరినా చెట్టు యజమాని ఒప్పుకోలేదు. అబూ దహ్‌దాహ్ తన తోట మొత్తం ఇచ్చి ఆ ఒక్క చెట్టు కొని సమర్పించారు. ఇంటికి వెళ్లి భార్యను తోటలో నుండి బయటకు రమ్మని, సంగతి చెప్పగా ఆమె లాభసాటి బేరం చేశారన్నది. ఏమైనా ఆ ఇంటి ఇల్లాలు ఆనాడు మా పని తేలిక చేసింది.

కొన్న సోదరుడు తూర్పు గట్టు వెంట బాటకు ఒప్పుకున్నారు. పడమటి వైపు ఆయన బోరు ఉంది గనుక ఆ పక్క వద్దన్నారు. దారి ఏ పక్క నుండి అన్నది ఆయన ఇష్టమే. మూడు గుంటలకు తాను కట్టిన ధర ఎంతో అంత పెద్ద సోదరుడు తిరిగి ఇవ్వాలన్నారు. ఆనాటి మార్కెట్ ధర అడగవచ్చు, అడగలేదు. సగం అప్పుడు, సగం వానకాలం మక్కలు అమ్మాక అని గడువు కుదిరింది. నడిమి సోదరుడు తన మూడు గుంటలకు ఏమీ అడగలేదు. ఆయనకూ రోడ్డుకు సొంత దారి ఏర్పడింది కదా.

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఖుర్ఆన్‌లోని వచనాలన్నింటిలో పొడవైనది అదే. ఆ ఆదేశాన్ని గుర్తుచేసి మేము నోటిమాటకు ఒప్పుకోలేదు. సర్వే నంబరు, బాట ఏ గట్టు వెంట, ఎంత వెడల్పు, దేనికి వాడవచ్చు, మరమ్మతు ఎవరు చేయాలి, గేటు ఎవరు మూయాలి, భూమి చేతులు మారితే కొత్తవారికి ఈ షరతు ఎలా వర్తిస్తుంది అన్నవన్నీ వివరంగా రాయించాము. బాట పక్కన పైపులైను వేసుకోవచ్చునా అన్న ప్రశ్న ఆ సోదరియే లేవదీసింది. మేము మరచిన విషయం అది. తరువాత ఆ రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయించారు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, నమోదైన రాజీకి న్యాయస్థానపు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. ఇంజంక్షన్ కోసం సంవత్సరాల తరబడి తిరిగి, గెలిచినవారూ ఓడినవారూ వకీలు ఫీజుకు భూమి అమ్ముకున్న ఇళ్లను చూసిన మాకు ఈ మార్గం ఎంతో మేలనిపించింది.

ఆ కంచె ఇప్పటికీ ఉంది. గేటూ ఉంది, తాళమూ ఉంది. పశువుల బెడద ఉన్నందున తాళం ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. దానికి మూడు చెవులు చేయించారు. ఒకటి కామారెడ్డిలో, ఒకటి నడిమి సోదరుని ఇంట్లో, ఒకటి ఆ సోదరి వద్ద ఉన్నాయి. పోయిన వానకాలం కోతలప్పుడు నడిమి సోదరుని చెవి ఎక్కడో పోతే, ఆయన చెల్లెలి వద్ద అడిగి తీసుకున్నారట.